నాలుగో ఖాళీ సీసా

కొంగమ్మ వస్తోందని తెలియడానికి తలెత్తి చూడనక్కర్లేదు. ముందు కాసేపు నిశ్శబ్దం, తరవాత టప్పుమని ఒక పాదం. మళ్ళీ నిశ్శబ్దం, మళ్ళీ టప్పు. నీళ్ళలో నడిచే కొంగలా మోకాలు పైకెత్తి, అరికాలు మొత్తం ఒకేసారి నేలమీద పడేస్తూ, కడిగిన గాజు సామాను తట్టలో పెట్టుకుని కారిడార్ పొడుగునా వస్తుంది. ల్యాబ్‌లో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కొంగమ్మ అని పెట్టినవాళ్ళు బదిలీ అయిపోయారు, పెట్టిన పేరు మాత్రం ఉద్యోగంలో స్థిరపడింది. పిలిస్తే ఆమె పలుకుతుంది కూడా.

"ఏం కొంగమ్మా, చేపలేమైనా పడ్డాయా?" అన్నాడు సెక్షన్ పెద్ద.

"మీ చెరువులో చేపలెక్కడివండీ, అన్నీ ఖాళీ సీసాలే," అంది కొంగమ్మ తట్ట బల్లమీద పెడుతూ. పెట్టడంలో కొంచెం అంచు తగిలి సీసాలన్నీ గలగలమన్నాయి. ఆమె చెప్పులు మడమల దగ్గర గుడ్డపీలికలతో కట్టి ఉన్నాయి.

"కట్టేశావేం, పారిపోతాయా?"

"ఈ మధ్య మాట వినడం లేదండి. అచ్చం మా ఆయన లాగే."

అందరూ నవ్వారు. అందరూ అంటే సెక్షన్ పెద్ద, కెమిస్టు. ఆ గదిలో ఉండేది వాళ్ళిద్దరే. సెక్షన్ పెద్దకీ ఓ పేరుంది, ఆయన లేనప్పుడు వాడేది: పర్సెంటుగారు. యంత్రం ఏ పదార్థం పేరు చెప్పినా ఆయన అడిగేది ఒక్కటే, ఎంత పర్సెంటు సరిపోయిందని. భార్య కొత్తగా ఏదో వండి ఎలా ఉందని అడిగితే "డెబ్బై ఎనిమిది" అన్నాడని ప్రతీతి. ఆ తరవాత వారం రోజులు ఆయన క్యాంటీన్లో తినడం మాత్రం కెమిస్టు కళ్ళారా చూసింది.

ఆ రోజు బల్లమీద ఉన్నది జిగురు డబ్బా. కార్మిక శాఖ నుంచి వచ్చింది. హ్యాండ్‌బ్యాగులు అతికించే షాపులో ఆడవాళ్ళు చేతులు, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని అర్జీ పెట్టుకున్నారు. వాళ్ళవి వేషాలని, పని ఎగ్గొట్టే నాటకమని యజమాని అన్నాడు. జిగురులో ఏముందో తేల్చమని డబ్బా ఇక్కడికి పంపారు.

కెమిస్టు ఎప్పటి పద్ధతిలోనే చేసింది. కొంచెం జిగురు తూచి, మీద హెక్సేన్ అనే ద్రావకం పోసి, ఊపి, వడకట్టి, బుల్లి సీసాలోకి తీసి యంత్రానికి ఇచ్చింది. ధాన్యంలో పురుగుమందు చూడ్డానికి ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన పద్ధతి అది. ఆ తరవాత నూనెలకీ అదే, సబ్బులకీ అదే, ఇప్పుడు జిగురుకీ అదే. మంచి కోడలు లాంటి పద్ధతి, ఏ పని చెప్పినా కాదనదు.

ఆ యంత్రం పని సూక్ష్మంగా చెప్పాలంటే పదార్థాన్ని పగలగొట్టి ముక్కలు తూచడం. వంటింట్లో ఏదో పగిలిన చప్పుడైతే, ఊడ్చిన ముక్కలు చూసి అది ఏ సెట్‌లో కప్పో, ఎవరి చేతిలోంచి పడిందో చెప్పేసే అత్తగార్లుంటారు. సరిగ్గా ఆ విద్యే. ఒక్కో ముక్కకీ ఒక్కో గీత, దాని బరువు కింద అంకె. ఏ ముక్క ఎక్కువుంటే ఆ గీత పొడుగు.

అయితే ఈ అత్తగారు మొదటి మూడు నిమిషాలూ కళ్ళు మూసుకుంటుంది. మనం పోసిన హెక్సేన్ వరదలా ముందు వచ్చేస్తుంది. ఆ వరదలో, లోపల ముక్కలు చేసే తీగని, అంటే ఫిలమెంట్‌ని, వెలిగిస్తే మాడిపోతుంది. అందుకని వరద దాటిపోయేదాకా ఆర్పి ఉంచి, అప్పుడు వెలిగిస్తారు. తెరమీద మూడు నిమిషాలూ ఏమీ ఉండదు. తరవాత గీత ఒక్కసారిగా పైనుంచి మొదలై, కొండ దిగినట్టు కిందికి జారుతుంది.

"ఈ తోక ఈసారి పొడుగ్గా లేదూ?" అంది కెమిస్టు.

"అది మనదే. మనం పోసిందే. వదిలెయ్," అన్నాడు పర్సెంటుగారు. "ముందుకు పద. అదేమిటి?"

"రబ్బరు పాడవకుండా కలిపేది. తొంభై రెండు."

"అది?"

"బంక. తొంభై నాలుగు."

"భేష్. హాని చేసేది ఏదన్నా ఉందా? లేదు. హానికరమైనవేవీ కనబడలేదని రాసెయ్. ఎల్లుండి సంతకం పెట్టేస్తాను."

కెమిస్టు సరేనంది. ఆ బ్యాగుల షాపులో తన ఆడపడుచు పనిచేస్తోందని ఆయనకు చెప్పలేదు. చెబితే డబ్బా ఆమె చేతుల్లోంచి పోయి ఇంకెక్కడో అలమారాలో కూర్చుంటుంది. అది పైకి చెప్పుకున్న కారణం. లోపలి కారణం వేరు. అసలు వదిన మాటమీద ఆమెకే అంత నమ్మకం లేదు.

•

వదిన అంటే భర్తకు అక్క. వాళ్ళతోనే ఉంటోంది. అంట్లు తోమాల్సి వచ్చినప్పుడే వేళ్ళు తిమ్మిరెక్కుతాయని, టీవీ రిమోట్ నొక్కేటప్పుడు ఎక్కవని కెమిస్టు చాలాకాలంగా గమనిస్తోంది. రెండు గాజు గ్లాసులు, ఒక పింగాణీ గిన్నె ఇప్పటికే ఆ తిమ్మిరికి బలయ్యాయి. "చేతిలో ఉందనుకున్నాను" అంటుంది వదిన ప్రతిసారీ, ముక్కల వంక ఆశ్చర్యంగా చూస్తూ. చెప్పుకోడానికి అదో వింత సంజాయిషీ.

ఆ సాయంత్రం కెమిస్టు వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే హాల్లోంచి టప్, టప్ అని వినిపించింది. కత్తి ఆగింది. ఎక్కడో బాగా విన్న చప్పుడు. ఎక్కడో గుర్తు రాలేదు, వీపుమీద మాత్రం చల్లగా ఏదో పాకినట్టయింది. గుమ్మంలో వదిన కనబడేసరికి తన భయానికి తనకే నవ్వొచ్చింది.

"ఏమిటి మరదలా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?"

"దెయ్యాలకి కాళ్ళు వెనక్కి ఉంటాయంటారు. మీకు చెప్పే లేదు. రెండోది ఏది?"

వదిన తల వంచి చూసుకుంది. ఎడమ కాలికి చెప్పుంది, కుడి కాలికి లేదు. నవ్వబోయిన మూతి అలాగే ఆగిపోయింది. చెప్పు లేదని ఆమెకు తెలిసింది ఆ క్షణంలోనే.

"ఇప్పటిదాకా ఉంది," అంది మెల్లిగా. "బస్సు దిగేటప్పుడు… ఉందనే అనుకున్నాను."

కెమిస్టు చూపు వదిన వెనక నేలమీదకి పోయింది. వీధి గుమ్మం నుంచి వంటింటిదాకా, ఒక అడుగు వదిలి ఒక అడుగు, ఎర్రగా అచ్చులున్నాయి. తుడిచిన నేలమీద శుభ్రంగా, మడమ దగ్గర చిక్కగా, వేళ్ళ దగ్గర పలచగా.

కుర్చీలో కూర్చోబెట్టి పాదం ఒళ్ళో పెట్టుకుని చూసింది. అరికాల్లో సీసాపెంకు దిగి ఉంది. పట్టకారుతో పట్టి లాగుతుంటే తన పళ్ళు తనే బిగించుకుంది కెమిస్టు. వదిన మాత్రం మరొకరి పాదం చూస్తున్నట్టు వంగి చూస్తోంది.

"తీసేశావా?"

"తీసేశాను."

"నీ చెయ్యి తేలిక," అంది వదిన.

నటన ఎంత బాగా వచ్చినవాళ్ళకైనా అడిగినప్పుడల్లా నెత్తురు రాదు. కెమిస్టు నేల తుడిచింది. తుడుస్తున్నంతసేపూ ఆ అచ్చుల వంక సూటిగా చూడలేకపోయింది. తమ్ముడు వచ్చి "ఏమైందక్కా?" అంటే వదిన, "మీ ఆవిడ చేత కాళ్ళు పట్టించుకుంటున్నాన్రా, చూసి కుళ్ళుకో," అంది.

భోజనాల దగ్గర మాత్రం మెల్లిగా అడిగింది. "ఎల్లుండేనటగా ఆ కాగితం వచ్చేది? మా షాపు యజమాని చెబుతున్నాడు, ల్యాబ్ వాళ్ళు ఏం లేదని రాస్తే సోమవారం అందరూ నోరు మూసుకుని బల్లల ముందు కూర్చోవాలట. రానివాళ్ళు ఇంక రానక్కర్లేదట." కంచం జరుపుకుంటూ, "మా పక్కనామెకి చేతిలో సూది నిలవడం లేదు. పాపం, నవ్వుతుంది," అంది.

కెమిస్టు అన్నం కలుపుతూ ఉండిపోయింది. ఏం లేదని రాసింది తనే.

•

మర్నాడు పొద్దున్నే సెలవు చెప్పి వదినను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చిన్న సుత్తితో మోకాళ్ళమీద కొట్టాడు. కాళ్ళు ఏమాత్రం కదల్లేదు. కళ్ళు మూసుకోమన్నాడు.

"ఇప్పుడు నేను ఏ కాలివేలు పట్టుకున్నాను?"

"చిటికెన వేలు," అంది వదిన ధీమాగా.

ఆయన బొటనవేలు పట్టుకుని ఉన్నాడు.

"ఇప్పుడు?"

"బొటనవేలు. తప్పయితే మార్కులు పోతాయాండీ?"

డాక్టరు కెమిస్టు వంక చూశాడు. "నరాల చివర్లు దెబ్బతింటున్నాయి," అన్నాడాయన. "పాదాలు, చేతులు, తరవాత పైకి. ఏదో లోపలికి పోతోంది. అది ఏదో తెలిసి ఆపేస్తే మెల్లిగా తిరిగి రావచ్చు. తెలియకపోతే నేను విటమిన్లు రాయగలను, అంతే. ఆ ల్యాబ్ వాళ్ళు ఏమంటున్నారో?"

"ల్యాబ్ వాళ్ళంటే ఈవిడేనండి," అంది వదిన. "ఇంట్లో కూరలో ఉప్పెక్కువైందో తక్కువైందో తేల్చలేదు గానీ."

తిరిగి వస్తుంటే బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. వదిన ఒక చేత్తో రెండో చేతి వేళ్ళు ఒక్కొక్కటే లాగి చూసుకుంటోంది, ఇంకా అన్నీ ఉన్నాయో లేదో లెక్క చూసుకుంటున్నట్టు.

"వదినా, ఆ జిగురు వాసన ఎలా ఉంటుంది?"

"డబ్బా మూత తియ్యగానే పెట్రోలు బంకులో నిలబడ్డట్టుంటుంది. చల్లగా, కొంచెం తియ్యగా. మొదట్లో తల తిరిగేది. పూశాక ఆరిపోతుందిగా, ఏం ఉండదు. జిగురొక్కటే మిగుల్తుంది." ఆగి కెమిస్టు వంక చూసింది. "అయినా నన్నడుగుతావేం? నీ కోటుకి ఉండేది అదే వాసన కదా. సాయంత్రం నువ్వు గుమ్మంలోకొస్తే మా షాపే నడిచొచ్చినట్టుంటుంది."

కెమిస్టు తన చేతిసంచీలో మడిచి పెట్టుకున్న తెల్లకోటు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. గట్టిగా పీల్చింది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళకి ఆ ఇంటి వాసన తెలియదు. మరోసారి పీల్చింది. ఏమీ లేకపోవడానికే ఈసారి భయం వేసింది.

జిగురులో మిగిలేదాన్ని చూశాం. ఆరిపోయేదాన్ని చూడలేదు. అది వచ్చే మూడు నిమిషాలూ మనం కళ్ళు మూసుకున్నాం.

•

ల్యాబ్‌కి వెళ్ళేసరికి పర్సెంటుగారు మీటింగులో ఉన్నారు. కెమిస్టు డబ్బాలోంచి కాస్త జిగురు బుల్లి సీసాలో వేసి, రబ్బరు మూత బిగించి, ఓవెన్లో వెచ్చబెట్టింది. ఈసారి ఏమీ పొయ్యలేదు. జిగురు పైనున్న గాలిని సిరంజితో లాగింది. సిరంజిలో చూడ్డానికి ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్నే యంత్రంలోకి వదిలింది. వరద లేదు కనక ఫిలమెంట్ మొదటి క్షణం నుంచీ వెలిగించి ఉంచింది. కొన్నేళ్ళలో ఆ యంత్రం ఆ నిమిషాల్లో కళ్ళు తెరవడం అదే మొదలు.

ముందు గాలి వచ్చింది, ఇరవై ఎనిమిది, ముప్ఫై రెండు. దాని వెనక తెరమీద ఏదో లేచింది. నిటారుగా, ఒంటరిగా లేచి, నిలబడి, దిగిపోయింది.

దానిమీద నొక్కితే ముక్కల గీతలొచ్చాయి. లైబ్రరీ బటన్ నొక్కలేదు. నొక్కితే యంత్రం ఒక పేరు చెబుతుంది, పర్సెంటు చెబుతుంది, ఆ తరవాత మనిషి కళ్ళకి ఆ పేరే కనబడుతుంది. చదువుకునే రోజుల్లో మాస్టారు చెప్పినట్టు ఒక చిత్తుకాగితం తీసుకుని మొదట అంకెలు రాసుకుంది. యాభై ఏడు, అన్నిటికన్నా పొడుగు. నలభై మూడు. నలభై ఒకటి. ఇరవై తొమ్మిది. డెబ్బై ఒకటి దగ్గర చిన్న మొలక. అన్నిటికన్నా కుడివైపున, ఎనభై ఆరు. దాని తరవాత ఓ పొట్టి గీత తప్ప ఇంకేమీ లేదు. అంటే పగలకుండా మిగిలిన కప్పు బరువు ఎనభై ఆరు.

క్లోరిన్ ఉంటే రెండేసి అంకెల దూరంలో జంటగా నిలబడతాయి, పెళ్ళిఫొటోలో పెద్దా చిన్నా లాగ. ఇక్కడ జంటలు లేవు. ఎనభై ఆరు పక్కన ఎనభై ఏడు దగ్గర పొట్టి గీత ఉంది. పెద్దది వందయితే అది ఆరున్నర. ఒక్కో కార్బన్‌కి ఒకటీ, పిసరంత. ఆరు కార్బన్లు. ఆరు పన్నెండ్లు డెబ్బై రెండు, మిగిలింది పద్నాలుగు, అన్నీ హైడ్రోజన్లే. డెబ్బై ఒకటి, యాభై ఏడు, నలభై మూడు, ఇరవై తొమ్మిది. మెట్టుకీ మెట్టుకీ పద్నాలుగు. కొమ్మల్లేని తిన్నని గొలుసు తెగితేనే అలా మెట్లు మెట్లుగా దిగుతుంది.

పెన్ను ఆగింది. పేరు రాయకుండానే లైబ్రరీ బటన్ నొక్కింది.

హెక్సేన్. తొంభై నాలుగు.

ఏ పదార్థమైనా నిర్ధారించుకోవాలంటే దాని అసలు సీసా తెచ్చి పోల్చి చూడాలి. ఒక్కోసారి ఆ సీసా తెప్పించడానికి నెలలు పడుతుంది. దీనికి లేవనక్కర్లేదు. ఆమె మోచేతి పక్కనే ఉంది, లీటర్లు పట్టే గోధుమరంగు సీసా, మూత సగం తెరిచి. సీసామీద ముద్రించిన హెచ్చరిక ఏళ్ళుగా అక్కడే ఉంది. చివరి వాక్యం నరాల గురించి. ఆమె ఆ వాక్యం ఎప్పుడూ చదవలేదని కాదు. చదివిందని గుర్తు లేదు, అంతే.

•

"తొంభై నాలుగా!" అన్నాడు పర్సెంటుగారు వచ్చి, ముందు సంబరంగా. తరవాత పేరు చూశాడు. "ఇదేమిటమ్మా, ఇది మనదే. మన గాల్లో ఉన్నదే పట్టావు. ఇంట్లో పిల్లిని పెట్టుకుని పక్కింట్లో పాలు ఎవరు తాగారని అడుగుతున్నావు. ఖాళీ సీసా పెట్టి చూశావా?"

చూడలేదు. తొందరలో ఆ ఖాళీ సీసా పరీక్ష మర్చిపోయింది. అప్పటికప్పుడు ఒక కొత్త బుల్లి సీసా తీసి, అందులో ఏమీ వేయకుండా తన బల్ల దగ్గరే మూత బిగించి, వెచ్చబెట్టి, అందులో గాలిని యంత్రానికిచ్చింది.

ఇద్దరూ తెర వంక చూస్తూ నిలబడ్డారు. గాలి వచ్చింది. తరవాత, సరిగ్గా అదే చోట, పొట్టిగా, నెమ్మదిగా, అది లేచింది. నొక్కితే అవే మెట్లు. యాభై ఏడు, నలభై మూడు, ఎనభై ఆరు. ఎవరూ లేరని తాళం పెట్టిన గదిలోంచి ఎవరో దగ్గినట్టుంది.

"చూశావా, మనదే," అన్నాడు పర్సెంటుగారు. కానీ ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదు.

కెమిస్టు అప్పుడు చెప్పేసింది. "సార్, ఆ షాపులో మా వదిన పనిచేస్తోంది."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "ఎప్పటినుంచి తెలుసు?"

"డబ్బా వచ్చినప్పటినుంచీ."

"అయితే ఇంక నీ చెయ్యి తగలకూడదు," అన్నాడు. డబ్బా అలమారాలోకి పోతుందనుకుంది. ఆయన లేచి చేతులకి గ్లవ్స్ తొడుక్కున్నాడు. "నా చేత్తో చేస్తాను. గాలి మనదా జిగురుదా తేలాలంటే మన గాలి లేనిచోట నింపాలి. డబ్బా డాబా మీదకి తీసుకెళ్తున్నాను. అక్కడే నింపుతాను, అక్కడే మూసేస్తాను. ఖాళీ సీసాలు మాత్రం నాలుగు చోట్ల పెట్టు. ఒకటి డాబామీద, ఒకటి శాంపిళ్ళ గదిలో, ఒకటి ఇక్కడ నీ బల్ల దగ్గర, ఒకటి గాజు సామాను కడిగే గదిలో. మన ఇల్లు ఎంత మురికిగా ఉందో కూడా తెలియాలిగా."

పర్సెంటుగారిమీద ఆమెకు అంత గౌరవం కలగడం అదే మొదటిసారి. ఎంత పర్సెంటో చెప్పలేం.

కడిగే గది కారిడార్ చివర. వాషింగ్ రూమ్ అంటారు గానీ నిజానికి అది ఒక పెద్ద అలమారా. ఉన్న ఒక్క కిటికీకి అంచుల వెంట టేపు అంటించారు, దుమ్ము పక్కగది యంత్రంలోకి పోకుండా. యంత్రానికి జలుబు చేస్తే కంపెనీ నుంచి మనిషి రావాలి. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. దాని రెక్కల మధ్య పిచ్చుక గూడు కట్టింది. పాపం పిల్లల్ని పెట్టిందని స్విచ్ మీద ఎవరో కాగితం అంటించారు. అది కట్టినప్పటి పిల్లలకి ఈపాటికి మునిమనవలు పుట్టుంటారు.

కొంగమ్మ స్టూలుమీద కూర్చుని, కడిగిన సీసాల్లో చివరి విడతగా హెక్సేన్ పోసి, ఊపి, తొట్టిలోకి ఒంపేస్తోంది. వట్టి చేతులతో. తొట్టికి మూత లేదు. కడిగినవి బోర్లించిన బల్లమీద గాలి సన్నగా వణుకుతోంది, ఎండాకాలం రోడ్డుమీద వణికినట్టు.

"ఈ సీసాకి మూత పెట్టి ఇయ్యి కొంగమ్మా," అంది కెమిస్టు ఖాళీ సీసా అందిస్తూ.

"ఇందులో ఏం లేదమ్మా."

"అందుకే."

"ఏమీ లేనిదానికి మూతా!" అంది కొంగమ్మ నవ్వుతూ. "చదువుకున్నోళ్ళ సంసారం." బిగించే పనిముట్టు అందుకుంది. మూత జారింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారి, దొర్లి, బల్లకింద పడింది. "ఈ వేళ్ళొకటి. ఉందనుకుంటా, ఉండదు."

"నువ్వుండు," అని కెమిస్టు ఇంకో మూత తీసి తనే బిగించేసి, తొందరలో వచ్చేసింది. సగం కారిడార్ దాటాక, ఎందుకో తెలియకుండానే ఒకసారి వెనక్కి చూసింది. ఎవరూ పిలవలేదు.

•

సీసాలన్నీ వరసగా పెట్టి వదిలేస్తే యంత్రం ఒకదాని తరవాత ఒకటి తనే తీసుకుంటుంది. డాబామీది ఖాళీ సీసాలో గాలి తప్ప ఏమీ లేదు, గీత నిద్రపోయినట్టు తిన్నగా ఉంది. శాంపిళ్ళ గదిది గోరంత. కెమిస్టు బల్ల దగ్గరిది వేలెడంత. తరవాత పర్సెంటుగారు డాబామీద, ఎండలో నిలబడి, తన చేత్తో నింపిన జిగురు వచ్చింది. అది తెర నడిమధ్యలోంచి నిటారుగా, మిగతావన్నీ నేలకి అంటుకుపోయేంత ఎత్తుకి లేచింది.

ఆయన ఈసారి పర్సెంటు అడగలేదు.

"జిగురుదే," అన్నాడు చివరికి. నిన్నటి కాగితం తీసి నిలువునా చింపి బుట్టలో వేశాడు. కొత్త కాగితం తీసుకుని తనే రాశాడు, పదార్థం పేరు, అది నరాలకి ఏం చేస్తుందో, ఆ షాపులో ఆ జిగురు వాడటం వెంటనే ఆపాలని. ముందు చేసిన పరీక్షలో ఎందుకు కనబడలేదో కూడా రాశాడు, దాచకుండా. సంతకం పెట్టాడు. "ఇవాళే మనిషి చేత పంపిస్తాను. మీ వదిన్ని సోమవారం ఇంట్లోనే ఉండమను."

కెమిస్టుకి కళ్ళు చెమర్చాయి. వదినతో ఏమని చెప్పాలో అప్పుడే అనుకోవడం మొదలుపెట్టింది. రేపటినుంచి అంట్లు నేనే తోముతాను, రిమోట్ మాత్రం నాకివ్వాలి.

వాళ్ళు మాట్లాడుకుంటుండగానే యంత్రం తన పని తను చేసుకుపోతోంది. నాలుగో ఖాళీ సీసా లోపలికి వెళ్ళింది. గాలి వచ్చింది. తరవాత తెరమీద అది లేచింది. లేచి, ఆగలేదు. జిగురు ఆగిన ఎత్తు దాటింది. తెర పై అంచు దాటి, కొలవడానికి యంత్రానికి శక్తి చాలక, నెత్తి బల్లపరుపుగా తెగిపోయింది.

"అది మనదే," అన్నాడు పర్సెంటుగారు అలవాటు కొద్దీ.

అన్నాక ఆ మాట ఆయనకే వినిపించింది. పెన్ను మూత పెట్టబోతున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

కారిడార్లో నిశ్శబ్దం. టప్. నిశ్శబ్దం. టప్.

ఆ చప్పుడు తన ఇంటి హాల్లో విన్నదేనని కెమిస్టుకి ఇప్పుడు తెలిసింది. అక్కడ విన్నప్పుడు ఎక్కడిదో గుర్తు రాలేదు. రోజూ వింటున్నది, రోజూ నవ్వుతున్నది. పర్సెంటుగారు తలుపు వంక చూడలేదు. బల్లమీద ఏదో వెతుకుతున్నట్టు వంగిపోయాడు.

కొంగమ్మ తట్ట పెట్టేసి వెళ్ళింది. వెంట కెమిస్టు వెళ్ళింది. ముందు ఆ మోకాళ్ళు ఎత్తెత్తి పడుతున్నాయి. గుడ్డపీలికలు మడమలకి ఎంత బిగువుగా కట్టి ఉన్నాయంటే, వాటి కింద చర్మం ఒరుసుకుపోయి పుండ్లు పడింది. చూస్తూ నడిచింది. గదిలోకి వెళ్ళగానే కిటికీ టేపు గోళ్ళతో పీకి రెక్కలు తోసేసింది. పక్కగది యంత్రం గతి ఏమైతే అయింది.

"అయ్యో, దుమ్మమ్మా! పెద్దసారు తిడతారు."

"తిట్టరు. కూర్చో. చెప్పులు విప్పు."

"ఎందుకమ్మా?" అంటూనే స్టూలుమీద కూర్చుంది కొంగమ్మ. ముడి ఊడదీయడం ఆమె వేళ్ళకి చేతకాలేదు. కెమిస్టు నేలమీద కూర్చుని తనే విప్పింది. పాదాలు చల్లగా, సన్నగా ఉన్నాయి. కొంగమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది. "మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటమ్మా, ఎవరన్నా చూస్తే!"

"చిన్న ఆట. కళ్ళు మూసుకో. నేను ఒక వేలు పట్టుకుంటాను. ఏ వేలో నువ్వు చెప్పాలి."

"ఆటేనా?" కొంగమ్మ నవ్వింది. చిన్నపిల్లలా రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, గడ్డం పైకెత్తి, చెవులు రిక్కించి కూర్చుంది, వేలు చప్పుడు చేస్తుందేమో విందామన్నట్టు.

కెమిస్టు బొటనవేలు పట్టుకుంది. మెల్లిగా నొక్కింది. తరవాత గట్టిగా. తరవాత, తన గోరు దిగేంత గట్టిగా.

కిటికీలోంచి గాలి వస్తోంది. కొంగమ్మ ముఖంలో నవ్వు అలాగే ఉంది, ఎదురుచూస్తూ.

"ఊఁ, కానివ్వండమ్మా," అంది కళ్ళు తెరవకుండా. "ఎంతసేపు? మీరు పట్టుకుంటే నేను చెబుతానుగా."